రంగు ఎక్కడ ఆగాలి?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో, కంప్యూటర్ మీద బొమ్మలు వేయడం నేర్చుకుంటున్నవారి కోసం ఒక ఆదివారం ఉదయం ఇచ్చిన ప్రసంగ పాఠం. తెర మీద చూపించిన వాటిని చదివేవారి కోసం అక్కడక్కడ మాటల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ పిక్సెల్స్, అంటే తెర మీది బొమ్మని కూర్చే చిన్న చిన్న గళ్లు, చూపించబోతున్నాను, అంత దూరం నుంచి కనపడవు.

విషయం ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. ఒక లేయర్‌లో, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటి వాటిలో ఒకదానిలో, బొమ్మ ఉంది. దాని మీద బ్రష్ తిప్పితే రంగు ఆ బొమ్మ ఉన్నంత మేరే పడాలి, పక్కకి పోకూడదు. ఇంతే. “ఆల్ఫా లాక్ నొక్కితే అయిపోతుంది కదా మేడమ్” అని ఇందాక మెట్ల దగ్గరే ఒకబ్బాయి అనేశాడు. అయిపోతుంది, కాదనను. కానీ చాలాసార్లు ఆ లాకే తర్వాత మెడకి చుట్టుకుంటుంది. ఎప్పుడు పనికొస్తుందో, ఎప్పుడు చుట్టుకుంటుందో చెప్పుకుందామనే వచ్చాను.

ముందు ఈ బొమ్మ చూడండి. మన ఫిషింగ్ హార్బర్. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ మరపడవలన్నీ జెట్టీల దగ్గర ఒకదాన్నొకటి ఆనుకుని ఉండిపోతాయి. బొమ్మలు వేసేవాళ్లకి అంతకన్నా మంచి మోడల్ దొరకదు. కదలదు, డబ్బులడగదు. (నవ్వులు) వెనక కనిపిస్తున్నది డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్. ముందు ఒక్క పడవే పెద్దగా వేశాను.

లేయర్ల వరస చెబుతాను. అన్నిటికన్నా కింద ఆకాశం, సముద్రం, కొండ. దాని మీద పడవ ఒళ్లు, అది ఇప్పటికి ఉత్త తెల్లగా నింపిన ఆకారం. ఆపైన క్యాబిన్, అది వేరే. ఆపైన వల. అన్నిటికన్నా పైన పెన్సిల్ గీతల లేయర్. ఇప్పుడు పడవ ఒంటికి ఎర్రరంగు వేయాలి, కింద నీటి గీత దగ్గర పాకుడు పట్టిన నలుపు రావాలి, ఎండ పడేవైపు కాస్త వెలగాలి. ఏదీ సముద్రం మీదికి కారకూడదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు సాధారణంగా ఏం చేస్తారు? ఒకే రంగున్న చోటుని ఎంచుకునే మ్యాజిక్ వాండ్ తీసి తెల్లటి ఆకారం మీద నొక్కుతారు. చుట్టూ చీమల వరసలాంటి చుక్కల గీత తిరుగుతుంది, ఎంచుకున్న చోటుకి అది హద్దు, దాన్నే సెలెక్షన్ అంటాం. ఇక బయటికి పోదులే అని ధైర్యంగా రంగు వేసేస్తారు. సెలెక్షన్ తీసేసి చూస్తే పడవ చుట్టూ సన్నటి తెల్ల దారం. దాన్ని చిన్న బ్రష్‌తో కప్పడానికి అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. ఆ తెల్ల దారం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఇవాళ్టి విషయంలో సగం తెలిసినట్టే. కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం.

అంచుని బాగా పెద్దది చేస్తున్నాను. చూడండి, లోపల పూర్తి తెలుపు, బయట ఏమీ లేదు, మధ్యలో మసక మసకగా ఒక వరస గళ్లు. ఆ మసక గడే కథంతా నడిపేది. వంపు తిరిగిన గీతని చదరపు గళ్లతో చూపించాలి కాబట్టి, కొంత పడవలో కొంత బయట ఉన్న గడిని సాఫ్ట్‌వేర్ సగం పారదర్శకంగా ఉంచుతుంది. ప్రతి గడికీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో పాటు నాలుగో అంకె ఒకటి ఉంటుంది, అదే ఆల్ఫా. మామూలు ఫైల్లో 0 నుంచి 255 దాకా. 0 అంటే అక్కడ ఏమీ లేదు, 255 అంటే నిండుగా ఉంది. మన అంచు గడి సుమారు 128, అంటే సగం. లెక్క తేలిగ్గా ఉండటానికి 50 శాతం అనుకుందాం.

ఇప్పుడు ఫొటోషాప్‌లో పైన కొత్త లేయర్ పెట్టి, కంట్రోల్ నొక్కి పట్టుకుని, లేయర్ల పట్టికలో కింది లేయర్‌కి ఉన్న చిన్న బొమ్మ మీద క్లిక్ చేశారనుకోండి. వాండ్ కన్నా ఇది చాలా నయం, లేయర్ ఆకారమే సెలెక్షన్‌గా వస్తుంది, అంచు గడి కూడా సగమే సెలెక్ట్ అవుతుంది. నిండు ఎరుపు వేశారు. కొత్త లేయర్‌లో ఆ గడిలో 50 శాతం ఎరుపు పడింది. కింద ఏముంది? 50 శాతం తెలుపు. దాని కింద సముద్రపు నీలం. పైనుంచి చూస్తే ఎరుపు సగం కప్పేసింది. మిగిలిన సగంలో సగాన్ని తెలుపు తీసుకుంది, అంటే 25. ఆఖరికి సముద్రానికి మిగిలింది 25. ఎరుపు 50, తెలుపు 25, నీలం 25. ఆ 25 శాతం తెలుపే మీరు అర్ధరాత్రి దాకా కప్పుతున్న దారం! మనం జాగ్రత్తగానే వేశాం, చెయ్యి వణకలేదు. లెక్కే అలా వచ్చింది.

పోనీ కొత్త లేయర్ ఎందుకు, అదే సెలెక్షన్‌తో అదే లేయర్‌లో వేస్తాం అంటారా? తెల్ల దారం పలచబడుతుంది, ఇంకో జబ్బు వస్తుంది. ఆ గడిలో ఇప్పటికే 50 ఉంది. ఇంకో 50 శాతం రంగు వేస్తే, ఖాళీగా మిగిలిన సగంలో సగం నిండుతుంది. ఆల్ఫా 75 అయింది. నీడ కోసం మళ్లీ ఒక బ్రష్ తిప్పారు, 87.5. ఇంకోసారి, 93 దాటింది. నాలుగు దఫాలు వేసేసరికి మసక గళ్లన్నీ నిండిపోయి, నున్నటి వంపు కాస్తా మెట్లు మెట్లుగా తేలుతుంది. అంచు రంపంలా వచ్చిందేంటి, నా ట్యాబ్లెట్ పాడైందా అని చాలామంది అడుగుతుంటారు. ట్యాబ్లెట్‌కి ఏమీ కాలేదు.

అదే ఆల్ఫా లాక్ పెట్టి చూడండి. ఇదిగో, పడవ లేయర్ మీద లాక్ పెట్టాను. ఫొటోషాప్‌లో లేయర్స్ ప్యానెల్ పైన చిన్న గళ్ల బొమ్మ ఉంటుంది, అది పారదర్శక పిక్సెల్స్‌కి వేసే తాళం. ఎరుపు వేస్తున్నాను. అంచు గడిలో ఏం జరిగింది? రంగు పూర్తిగా ఎరుపైంది, ఆల్ఫా మాత్రం 50 దగ్గరే ఉంది. తెలుపు జాడ లేదు. సగం ఎరుపు, సగం సముద్రం. వందసార్లు తిప్పినా అంతే. అంటే ఈ తాళం గీత దాటకుండా చేతిని ఆపుతున్నది కాదు. రంగు అంకెల్ని మార్చనిచ్చి, నాలుగో అంకెని ముట్టుకోనివ్వని తాళం. ఆకారాన్ని ఒకసారి తేల్చేశాం, ఇక దాని జోలికి పోకుండా రంగు సంగతి చూద్దాం, అన్నమాట.

ఇలాంటి ఆలోచన మనవాళ్లకి కొత్తేమీ కాదు. శ్రీకాళహస్తి కలంకారీ ఎలా చేస్తారో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు. బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసింతో నల్లగీతలు గీస్తారు. ఎరుపు కావలసిన చోట ఎర్రరంగు పూయరు, పటిక నీళ్లు పూస్తారు. తర్వాత బట్ట మొత్తాన్ని ఎర్రరంగు నీళ్లలో వేసి ఉడికిస్తారు. రంగు బట్టంతా తగులుతుంది, కానీ పటిక ఉన్న చోటే పట్టుకుంటుంది, మిగతాది ఉతుకులో పోతుంది. నీలం కావాలంటే పద్ధతి తిరగబడుతుంది. నీలం అక్కర్లేని చోటల్లా మైనం పూసి ముంచుతారు. ఒకటి “ఇక్కడే పట్టుకో” అని చెప్పడం, రెండోది “ఇక్కడ ముట్టుకోకు” అని చెప్పడం. ఆల్ఫా లాక్, ఇంకాసేపట్లో చూపించబోయే క్లిప్పింగ్ పటిక కోవవి. సెలెక్షన్లు, లేయర్ మాస్కులు మైనం కోవవి. ఈ పోలికని ఇంతకన్నా సాగదీయను, బట్ట బట్టే, తెర తెరే.

కంప్యూటర్లో ఈ నాలుగో అంకె ఎప్పుడొచ్చిందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్మల్ బొమ్మలోనే పారదర్శకతని కూడా దాచాలన్న ఆలోచన చేశారు. ఆ తర్వాత లూకాస్‌ఫిల్మ్‌లో ఉన్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో ఒక పరిశోధన పత్రం రాశారు. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పెట్టడానికి ఎన్ని రకాల లెక్కలుంటాయో అందులో వరసగా తేల్చేశారు. మామూలుగా ఒకదాని మీద ఒకటి పెట్టడం ‘ఓవర్’. కింద ఉన్నది ఉన్నంత మేరే పైది కనపడటం ‘అటాప్’. ఇందాక మనం చూసిన తెల్ల దారం ఓవర్ లెక్క ఫలితం. తాళం వేశాక వచ్చిన శుభ్రమైన అంచు అటాప్ లెక్క ఫలితం. ఈ పనికి ఆ నలుగురికీ 1996లో ఆస్కార్ వాళ్ల సాంకేతిక పురస్కారం వచ్చింది. ఫొటోషాప్ 1990లో వచ్చినా, లేయర్లు వచ్చింది 1994లో మూడో వెర్షన్‌తోనే. అంతకుముందు పనిచేసినవాళ్లకి సెలెక్షన్లు, ఛానెళ్లే దిక్కు. పాతవాళ్లు ఇప్పటికీ సెలెక్షన్ వదలకపోవడానికి అదో కారణం అనుకుంటాను.

సరే, ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. తాళం వేసి ఎరుపు వేశాను, నీడ వేశాను, పాకుడు వేశాను, ఎండ వేశాను. బాగుంది. అన్నీ ఒకే లేయర్‌లో కలిసిపోయాయి. పుస్తకం వేయించుకుంటున్నవారు ఫోన్ చేసి, “పడవ ముందు కొస ఇంకాస్త పైకి లేస్తే బాగుంటుందండీ” అన్నారు. మత్స్యకారులు అణియం అంటారే, ఆ కొస. చిన్న మార్పే. కానీ ఆ కొస పెంచాలంటే తాళం తీయాలి, కొత్త ముక్క గీయాలి, ఆ ముక్కకి మళ్లీ ఎరుపు, మళ్లీ నీడ, మళ్లీ ఎండ వేసి, పాత వాటితో అతుకు తెలియకుండా కలపాలి. రెండు రోజుల తర్వాత “ఎరుపు వద్దు, పచ్చ చేద్దాం” అంటారు. నీడ ఎరుపులో కలిసిపోయి ఉంది, విడదీయలేం.

ఇక్కడికే క్లిప్పింగ్ మాస్క్ రావాలి. తెల్లటి పడవ ఆకారం అలాగే ఉంటుంది, దాన్ని ముట్టుకోం. దాని పైన కొత్త లేయర్, దాన్ని కిందిదానికి క్లిప్ చేస్తాం. ఫొటోషాప్‌లో ఆల్ట్ నొక్కి రెండు లేయర్ల మధ్య గీత మీద క్లిక్ చేయడమే. పై లేయర్ పేరు కాస్త పక్కకి జరిగి, కిందికి చూసే చిన్న బాణం వస్తుంది. ఇప్పుడు ఇందులో ఎరుపు వేస్తున్నాను. చూడండి, ఎంత అడ్డదిడ్డంగా వేస్తున్నానో. పడవ బయటికి జానెడు దాకా పోతోంది చెయ్యి. కనపడదు. కనపడదంటే లేదని కాదు. ఇదిగో క్లిప్ తీసేస్తున్నాను, ఎరుపు మొత్తం సముద్రం మీద కూడా ఉంది. మళ్లీ క్లిప్ చేస్తున్నాను, దాక్కుంది.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఈ తేడాలోనే ఉంది. లాక్‌లో బయట పడ్డ రంగు అసలు పుట్టదు. క్లిప్పింగ్‌లో పుడుతుంది, దాక్కుంటుంది. లెక్క రెండింటిదీ ఒకటే, అటాపే. లాక్‌లో బ్రష్ తిప్పినప్పుడే ఆ లెక్క వేసి పిక్సెల్‌లో రాసేస్తుంది. క్లిప్పింగ్‌లో తెర మీద చూపించే ప్రతిసారీ కొత్తగా వేస్తుంది. అందుకే ఇప్పుడు కింది ఆకారంలో ముందు కొస పైకి పెంచుతున్నాను, చూడండి. తెల్ల బ్రష్‌తో రెండు గీతలు గీశాను. పైన దాక్కున్న ఎరుపు, నీడ వాటంతటవే బయటికొచ్చాయి! మళ్లీ రంగు వేయాల్సిన పని లేదు. అందుకే క్లిప్పింగ్‌లో అంచు దగ్గర పిసినారితనం వద్దు. కావాలనే బయటికి పోనివ్వండి. అంచు దాకా వచ్చి బుద్ధిగా ఆగిపోయే అలవాటు కాగితం మీద మంచిదే, ఇక్కడ నష్టం.

కాబట్టి ఏ పద్ధతి వాడాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను నన్ను అడుక్కునేది ఒక్కటే. ఈ అంచు ఇంకా మారుతుందా? మారే అవకాశం ఉంటే క్లిప్పింగ్. డబ్బులిచ్చి వేయించుకునేవారి పనిలో అంచు ఎప్పుడూ మారుతుంది, అందులో సందేహం వద్దు. అంచు తేలిపోయింది, ఇక కదలదు అంటే లాక్.

లాక్‌ని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. లాక్ తప్ప ఇంకేదీ అంత బాగా చేయలేని పని ఒకటుంది. గీతల లేయర్ చూడండి, అంతా నలుపు. ఎండ పడే చోట కూడా నల్లగీత ఉంటే బొమ్మ బిగుసుకుపోయినట్టుంటుంది. గీతల లేయర్‌కి తాళం వేసి, పెద్ద మెత్తటి బ్రష్‌తో ఎండవైపు ముదురు గోధుమ రంగు, నీటి దగ్గర ముదురు నీలం తిప్పుతున్నాను. గీతలే రంగు మారాయి, పెన్సిల్ గరుకుతనం పిసరంత కూడా పోలేదు. వల కూడా అంతే. వల దారాలు సన్నగా, చాలా చోట్ల సగం పారదర్శకంగా ఉన్నాయి. వాటికి సెలెక్షన్ చేయడం కన్నా వల కొత్తగా అల్లుకోవడం తేలిక. (నవ్వులు) తాళం వేసి ఒక్కసారి తిప్పితే పచ్చవల నీలం వల అయిపోతుంది. ఫొటోషాప్‌లో బ్రష్ కూడా అక్కర్లేదు, షిఫ్ట్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ కలిపి నొక్కితే పారదర్శకతని కాపాడుతూ ముందు రంగుతో నింపేస్తుంది.

లాక్‌కి ఇంకో మంచి గుణం, లేయర్లు పెరగవు. ఐప్యాడ్‌లో ప్రోక్రియేట్ వాడేవాళ్లకి తెలుసు, కాన్వాస్ పెద్దదైతే లేయర్ల సంఖ్య తగ్గిపోతుంది, ఎన్ని వస్తాయన్నది మీ పరికరం మెమరీని బట్టి ఉంటుంది. అక్కడ పడవకి నాలుగు క్లిప్పింగ్‌లు, క్యాబిన్‌కి నాలుగు అంటే కుదరదు. అలాంటప్పుడు నేను క్లిప్పింగ్‌తో మొదలుపెట్టి, ఆకారం ఖాయమయ్యాక కింది లేయర్లో కలిపేసి, దానికి తాళం వేసి ముందుకెళ్తాను. కలపడానికి ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టుకుంటాను, అది వేరే చెప్పాలా.

ఇక గుంటలు. పని చేస్తుంటే పడేవి.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫోన్ ఏంటో తెలుసా? “మేడమ్, బ్రష్ పనిచేయడం లేదు.” ఖాళీ లేయర్‌కి తాళం వేసి ఉంటుంది. అక్కడ ఏమీ లేదు, ఏమీ లేని చోట ఏమీ పడకూడదని మీరే చెప్పారు, అది బుద్ధిగా వింటోంది. ముందు తాళం చూసుకోండి, తర్వాత నాకు ఫోన్ చేయండి. ఫొటోషాప్‌లో దీని తమ్ముడు ఇంకొకడున్నాడు. తాళం వేసిన లేయర్ మీద రబ్బరు వాడితే చెరగదు, బ్యాక్‌గ్రౌండ్ రంగు పడుతుంది. చెరుపుతున్నాననుకుని పడవ మీద తెల్లమచ్చలు వేసుకుంటూ పోతారు. బ్లర్ కూడా అంతే, తాళం ఉంటే లోపలి రంగులు కలుస్తాయి గానీ అంచు మెత్తబడదు. అంచు మెత్తబడాలంటే తాళం తీయాల్సిందే.

క్లిప్పింగ్‌లో గుంట వేరు. కింది ఆకారాన్ని ఒక్కదాన్నే పట్టుకుని జరిపితే పైన క్లిప్ చేసినవి జరగవు. ఇదిగో పడవని కుడివైపు జరిపాను, పాకుడు మరక ఎక్కడిదక్కడే ఉండిపోయింది, పడవ దాని కింద నుంచి జారిపోయింది. అన్నీ కలిపి సెలెక్ట్ చేసి జరపాలి, లేదా ముందే ఒక గ్రూపులో పెట్టుకోవాలి. ఇంకోటి, కింది ఆకారం ఒపాసిటీ, అంటే నిండుదనం, తగ్గిస్తే పైవన్నీ దానితో పాటే పలచబడతాయి. మంచులో కలిసిపోతున్న పడవ కావాలంటే అది వరం, అనుకోకుండా జరిగితే కంగారు.

క్రీటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఎంతమంది? బాగానే ఉన్నారు. ఉచితం కదా. క్రీటాలో ఆల్ఫా లాక్ మామూలే, కానీ క్లిప్పింగ్ బదులు ‘ఇన్హెరిట్ ఆల్ఫా’ ఉంటుంది. అది కింద ఉన్న ఒక్క లేయర్‌ని చూడదు, ఆ గ్రూపులో తన కింద ఉన్న లేయర్లన్నిటినీ కలిపి చూస్తుంది. మీరు గ్రూపు చేయకుండా వదిలేస్తే కింద ఆకాశం, సముద్రం నిండుగా ఉన్నాయి కాబట్టి కాన్వాస్ అంతా ఆకారమే అయిపోతుంది, రంగు అంతటా పడుతుంది. పనిచేయడం లేదని తిట్టుకుంటారు. పడవ ఆకారాన్ని, దాని రంగుల్ని ఒక గ్రూపులో వేసేయండి, సరిపోతుంది. ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో తాళం ఉంది, క్లిప్పింగ్ ఫొటోషాప్ పద్ధతిలో ఉండదు. 2.10 వెర్షన్ నుంచి లేయర్ కాంపోజిట్ మోడ్‌లో కింది దానికి క్లిప్ చేసే దారి ఉంది, అక్కడా గ్రూపు కావాలి. చాలామంది ఆ తలనొప్పి లేకుండా లేయర్ మాస్క్ వాడేస్తారు.

లేయర్ మాస్క్ గురించి ఎక్కువ చెప్పను, దానికదే ఒక పూట. ఆకారం లోపల ఇంకో హద్దు కావాలంటే అది. ఈ పడవకి నీటి గీత కింద ఒక రంగు, పైన ఒక రంగు. పడవ అంచుని క్లిప్పింగ్ చూసుకుంటుంది, నీటి గీతని మాస్క్ చూసుకుంటుంది. మాస్క్ మీద నలుపు పూస్తే లేయర్‌లో ఆ చోటు దాగుతుంది, తెలుపు పూస్తే కనపడుతుంది. రెండూ ఒకే లేయర్‌కి ఉండొచ్చు.

యానిమేషన్ వైపు వెళ్లేవాళ్లకి ఒక చిన్న మాట. అడోబీ యానిమేట్‌లో, అంటే పాత ఫ్లాష్‌లో, బ్రష్‌కే ‘పెయింట్ ఇన్‌సైడ్’ అనే తీరు ఉంటుంది. బ్రష్ ఏ భాగంలో ఆనించి మొదలుపెట్టారో రంగు ఆ భాగం లోపలే పడుతుంది, గీతల్ని ముట్టుకోదు. హద్దు ఏ లేయర్‌దో చెప్పక్కర్లేదు, మొదలుపెట్టిన చోటే చెబుతుంది. నాకది ఇష్టం, కానీ మొదటి చుక్క అరంగుళం పక్కన పడితే కథ మారిపోతుంది.

ఒక చిట్కా చెప్పి ప్రశ్నలకి వెళ్దాం. క్లిప్పింగ్ అయినా లాక్ అయినా కింది ఆకారం ఎంత బాగుంటే అంతే బాగుంటుంది. రంగు డబ్బా పనిముట్టుతో ఒక్క నొక్కులో నింపినప్పుడు గీతల మూలల్లో చిన్న చిన్న చిల్లులు మిగిలిపోతాయి, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల ఆకారం కాబట్టి కనపడవు. తర్వాత ఎంత రంగు వేసినా ఆ చిల్లుల్లో పట్టదు, వెనక సముద్రం తొంగిచూస్తూనే ఉంటుంది. అందుకే రంగు మొదలుపెట్టే ముందు ఆకారం కింద కళ్లు పొడిచే గులాబీ రంగుతో ఒక లేయర్ పెట్టి చూడండి. చిల్లులన్నీ ఒక్కసారిగా అరుస్తాయి. పూడ్చేసి, గులాబీని తీసేయండి. చెప్పండి, ఎవరడుగుతారు?

(ప్రశ్న: నాకు ఫోనే ఉంది మేడమ్, ఐబిస్ పెయింట్ వాడతాను. ఇవన్నీ అందులో అవుతాయా?)

అవుతాయమ్మా. లేయర్ విండోలో ఆల్ఫా లాక్, క్లిప్పింగ్ రెండు బటన్లూ పక్కనే ఉంటాయి. ఫోన్‌లో నిజానికి ఇవి ఇంకా అవసరం. వేలితో వేస్తున్నప్పుడు వేలి కిందే బొమ్మ దాగిపోతుంది, అంచు ఎక్కడుందో కనపడదు. కనపడని అంచుని కాపాడే పని సాఫ్ట్‌వేర్‌కి అప్పగించేయడమే మంచిది. ప్రోక్రియేట్‌లో అయితే లేయర్ మీద రెండు వేళ్లు కుడివైపు జరిపితే తాళం పడుతుంది. అనుకోకుండా కూడా పడుతుంది, గుర్తుంచుకో. ఇందాకటి “బ్రష్ పనిచేయడం లేదు” ఫోన్లలో కొన్ని అవే.

(ప్రశ్న, ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన: నేను నీటిరంగులు వేస్తానండీ. రంగు గీత దాటి పోవడంలోనే ప్రాణం ఉంటుంది. మీరు చెప్పినట్టు చేస్తే అన్నీ కత్తిరించి అతికించినట్టు రావూ?)

వస్తాయండీ. మీరన్నది నిజం, చాలా పిల్లల పుస్తకాల్లో ఆ ప్లాస్టిక్‌తనం కనిపిస్తూనే ఉంది. కానీ దానికి తాళం కారణం కాదని నా అభిప్రాయం. ఆకారాన్ని గట్టి గుండ్రటి బ్రష్‌తోనో, డబ్బాతోనో నింపడం కారణం. పై రంగుకి అంచు గుణం కింది ఆకారం నుంచే వస్తుంది. కాబట్టి కింది ఆకారాన్నే గరుకు బ్రష్‌తో, తడి ఆరినట్టుండే బ్రష్‌తో వేయండి. ఒక చోట గీత దాటనివ్వండి, ఒక చోట గీత దాకా రాకుండా వదిలేయండి. తర్వాత దానికి ఏది క్లిప్ చేసినా ఆ గరుకు అంచే వస్తుంది. చూడండి, పడవ ఆకారాన్ని ఇప్పుడు అలా మార్చి వేశాను. పైన రంగులు ఇందాకటివే, ఒక్కటీ మార్చలేదు. ఇది మీకు నచ్చుతుందేమో. (పెద్దాయన: కొంచెం నయం.) కొంచెం నయమేలెండి, కాగితం కాదుగా!

ఇంకో మాట, నీడల లేయర్‌ని మాత్రం ఒక్కోసారి నేను క్లిప్ చేయను. పడవ నీడ నీళ్ల మీద పడాలి, పక్క పడవ మీద పడాలి. నీడని కూడా పడవ లోపలే ఆపేస్తే పడవ గాల్లో తేలినట్టుంటుంది. ఏది ఆగాలో, ఏది దాటాలో ముందు బొమ్మని చూసి తేల్చుకోవాలి.

(ప్రశ్న: ఒక బొమ్మని వెనక ఏమీ లేకుండా పీఎన్‌జీ చేసి ఫ్లెక్సీ వేసే షాపులో ఇచ్చాను. వాళ్లు ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద పెడితే చుట్టూ తెల్లగా వచ్చింది. నేను క్లిప్పింగే వాడాను, సెలెక్షన్ కాదు.)

మంచి ప్రశ్న. మీ కింది ఆకారం తెలుపే కదా? క్లిప్ చేసిన రంగు అంచు దాకా నిండుగా ఉందా, లేక మెత్తటి బ్రష్‌తో వేశారా? మెత్తటి బ్రష్. అదే కారణం అయి ఉంటుంది. అంచు దగ్గర మీ రంగు పలచబడింది, దాని కింద తెల్ల ఆకారం కనపడింది. మీ తెర మీద బ్యాక్‌గ్రౌండ్ కూడా తెలుపు కాబట్టి మీకు తెలియలేదు, ముదురు రంగు మీదికి వెళ్లేసరికి బయటపడింది. రెండు పనులు చేయొచ్చు. ఇక ముందు కింది ఆకారాన్ని తెలుపుతో కాకుండా ఆ వస్తువు మధ్యరంగుతో నింపండి, పడవ ఎర్రదైతే ఆకారం కూడా ముదురు ఎరుపే. ఇప్పుడు చేతిలో ఉన్న ఫైల్‌కైతే, అన్నీ కలిపిన లేయర్‌కి ఆల్ఫా లాక్ వేసి, పక్కనున్న రంగునే తీసుకుని సన్న బ్రష్‌తో అంచు చుట్టూ తిప్పండి. తెలుపు పోతుంది, అంచు నునుపు అలాగే ఉంటుంది. ఫొటోషాప్‌లో లేయర్ మెనూలో మ్యాటింగ్ అని ఉంటుంది, దాని కింద డీఫ్రింజ్ కూడా ఇదే పని చేస్తుంది, జుట్టులాంటి వాటి దగ్గర మాత్రం చేత్తో చేసిందే బాగుంటుంది. జేపెగ్ మాత్రం ఇవ్వకండి, అందులో పారదర్శకతే ఉండదు, చుట్టూ తెల్ల చతురస్రంతో వెళ్తుంది. ఇంకా మంచిది, వాళ్లు వెనక ఏ రంగు పెడతారో ముందే కనుక్కుని, మీ ఫైల్లో ఆ రంగు మీద పెట్టి ఒకసారి చూసుకుని ఇవ్వండి.